వానలో ఉగ్రస్తంభం ఎక్కవచ్చా? (అహోబిలం, కార్తీకమాసం)

ఎర్రమల కుర్రాడు
నవంబరు 5, రాత్రి 9:14

అందరికీ నమస్కారం. వచ్చే ఆదివారం ఇంటిల్లిపాదీ అహోబిలం బయలుదేరుతున్నాం. అమ్మ (57 ఏళ్లు), పిన్ని, నేను, ఇద్దరు తమ్ముళ్లు. శనివారం రాత్రి దిగువ అహోబిలంలో బస. తెల్లవారగానే ఎగువకు చేరి, వరాహ, మాలోల, జ్వాలా నరసింహుల దర్శనం అయ్యాక ఉగ్రస్తంభం (నరసింహస్వామి చీల్చుకుని వచ్చిన స్తంభమని చెప్పే కొండశిఖరం) ఎక్కాలని ఉంది.

చిక్కల్లా వానతోనే. బంగాళాఖాతంలో అల్పపీడనం అంటున్నారు. అమ్మేమో కార్తీకంలో వస్తానని మొక్కుకుందట, వాన పేరు చెప్పి ఆపితే వినేటట్టు లేదు. నేను బెంగళూరు నుంచి నేరుగా వస్తున్నాను కాబట్టి ముందుగా వెళ్లి చూసే వీలూ లేదు.

జ్వాల దాటాక దారి నిజంగా అంత నిట్టనిలువుగా ఉంటుందా? సన్నటి తుంపరలో ఎక్కితే ప్రమాదమా? బూట్లు కొత్తవి కొనాలా? వీడియోలు చూస్తే ఒకాయన చిన్నపిల్లను ఎత్తుకుని ఎక్కేస్తున్నాడు, ఇంకొకాయన ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దిగానంటున్నాడు. ఎవరిని నమ్మాలో తెలియడం లేదు.

భవనాశిని ఒడ్డు
నవంబరు 5, రాత్రి 10:02

తమ్ముడూ, ఇద్దరినీ నమ్ము. మొదటాయన ఎండ రోజున వచ్చి ఉంటాడు, రెండో ఆయన వాన రోజున.

మాది ఎగువ అహోబిలమే, చిన్న అంగడి ఉంది. గుడి దగ్గర నుంచి జ్వాల దాకా భవనాశిని వాగును పట్టుకుని, అక్కడక్కడా దాటుకుంటూ పోవాలి. కొంత మెట్లు, కొంత రాళ్లు. నడవలేనివారికి డోలీలు ఉంటాయి. జ్వాల దగ్గర పైనుంచి ధార పడుతుంది, వానాకాలంలో ఆ ధార కింద తడిసే లోపలికి వెళ్లాలి. అక్కడి దాకా అమ్మగారు రావచ్చు, వాగు ఒప్పుకుంటే.

ఆ పైన మెట్ల సంగతి మరిచిపో. అంతా రాళ్లే. పెద్ద బండలు కదలవు. వాటి మధ్య ఇరుక్కున్న పిడికెడంత, తలకాయంత రాళ్లు ఉన్నాయి చూడు, అవి అడుగు పడితే కదులుతాయి. చేతులు కూడా ఆనించి ఎక్కవలసిన చోట్లు ఉన్నాయి. ఎక్కడానికి గంటన్నర నుంచి రెండు గంటలు. దిగడానికి అందులో సగం చాలు అనుకున్నవాళ్లే చీకటి పడ్డాక మా అంగడి ముందుకు కుంటుకుంటూ వస్తారు. తడి రోజున దిగడానికే ఎక్కువ సేపు పడుతుంది.

నేను వానలో భయపడేది కొండను చూసి కాదు, వాగును చూసి. నువ్వు పైన ఉంటావు, నీ నెత్తిన చుక్క పడదు. లోపల ఎక్కడో కుమ్మరిస్తుంది. పొద్దున చీలమండ లోతున దాటిన చోట, నువ్వు తిరిగి వచ్చేసరికి నీళ్లు తొడల దాకా ఉంటాయి. కొండ జారితే చర్మం గీసుకుపోతుంది, మహా అయితే చెయ్యి విరుగుతుంది. వాగు లాక్కుంటే మాట్లాడుకోవడానికి మనిషి ఉండడు.

పుణె వెంకట్
నవంబరు 5, రాత్రి 11:20

వాన అనగానే ఇంత బెదిరించడం ఎందుకో అర్థం కాదు. మేము సహ్యాద్రిలో (పడమటి కనుమల్లో) జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలోనే ఎక్కుతాం. కల్సుబాయి (1,646 మీటర్లు, మహారాష్ట్రలో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం) దగ్గర వర్షాకాలపు ఆదివారం ఇనుప నిచ్చెనల కింద వరుస కట్టి నిలబడాలి. అంత జనం.

వదులు రాళ్ల వాలు మీద ఎలా నడవాలో తెలిస్తే చాలు. చిన్న అడుగులు వేయండి. మోకాళ్లు కొంచెం వంచి ఉంచండి. దిగేటప్పుడు భయంతో అందరూ వెనక్కి వాలతారు, అక్కడే కాలు ముందుకు జారి నడుము నేలకు తగులుతుంది. బరువు పాదాల మీదే ఉండాలి, ఛాతీ కొంచెం ముందుకే ఉండాలి. రాయి మీద పూర్తి బరువు వేసే ముందు కాలితో ఒకసారి నొక్కి చూడండి. గడ్డి దుబ్బులు, సన్నటి వేళ్లు పట్టుకుని వేలాడకండి, తడినేలలో అవి చేతిలోకి వచ్చేస్తాయి.

ఒకరి నెత్తిన ఒకరు నడవకండి. పైవాడి కాలికింద రాయి కదిలితే కిందివాడికి తగులుతుంది. ఇరుకు చోట ఒక్కొక్కరే ఎక్కాలి, మిగిలినవాళ్లు పక్కకు తప్పుకుని ఆగాలి. రాయి దొర్లితే సిగ్గుపడకుండా "రాయి!" అని గట్టిగా అరవాలి. అది విన్నవాడు పైకి చూడకూడదు, బండకు అతుక్కుపోవాలి.

బూట్ల కోసం వేలు పోయనక్కరలేదు. అడుగున లోతైన గాళ్లున్న మెత్తటి రబ్బరు ఉంటే చాలు. కానీ కొత్తవి ఆదివారం నాడే మొదటిసారి తొడగకండి. వేళ్ల దగ్గర అర అంగుళం ఖాళీ లేకపోతే దిగేటప్పుడు గోళ్లు నల్లబడతాయి.

చెప్పులు విడిచినవాడు
నవంబరు 6, ఉదయం 5:48

బూట్లు, కర్రలు, గాళ్లు! మా తాతగారు, నాన్నగారు ఉత్తకాళ్లతోనే ఉగ్రస్తంభం ఎక్కి దిగారు. నేనూ అంతే. పాదానికి తెలిసినంత బూటుకు తెలియదు. రాయి జారేదో కాదో అరికాలు ముందే చెబుతుంది. అమ్మగారు మొక్కుకున్నారు, తీసుకెళ్లండి. స్వామి చూసుకుంటాడు.

భవనాశిని ఒడ్డు
నవంబరు 6, ఉదయం 7:15

స్వామీ, మీ అరికాళ్లు వేరు, బెంగళూరులో రోజంతా కుర్చీలో కూర్చునే ఈ పిల్లవాడి అరికాళ్లు వేరు. మా దగ్గర చెంచులు ఆ రాళ్ల మీద పరుగెడతారు. అది చూసి మనం పరుగెడితే ఎట్లా?

రాతి పొరలు
నవంబరు 6, మధ్యాహ్నం 1:33

పుణె వెంకట్ గారు చెప్పిన నడక పద్ధతి అంతా సరైనదే. కానీ సహ్యాద్రిని చూసి అహోబిలం ఉన్న నల్లమలను అంచనా వేయకూడదు. రాయి వేరు, వాన తీరు వేరు. నేను భూగర్భశాస్త్రం చెప్పేవాణ్ని, కొంచెం విసిగిస్తాను, ఓపిక పట్టండి.

సహ్యాద్రి లావా పొరలు గట్టిపడిన బసాల్టు. వయసు సుమారు 6.6 కోట్ల ఏళ్లు. నల్లమల కడప బేసిన్‌కు చెందినది, అంటే ఒకప్పుడు నీటి అడుగున పొరలుగా పేరుకున్న, వంద కోట్ల ఏళ్లకు పైబడిన అవక్షేప శిలలు. ఇందులో రెండు రకాలు ఒకదానిపై ఒకటి పేర్చి ఉంటాయి. ఒకటి క్వార్ట్‌జైట్: ఇసుకరాయి ఒత్తిడికి, వేడికి గట్టిపడి తయారైనది, ఉలికి కూడా లొంగదు. అహోబిలం చుట్టూ నిలువుగా కనిపించే ఎర్రటి గోడలు అవే. రెండోది షేల్: పలకలు పలకలుగా విడిపోయే మెత్తటి రాయి, తడిస్తే బంకమట్టిగా మారుతుంది.

కింది షేల్ అరిగిపోతుంది, పైనున్న క్వార్ట్‌జైట్‌కు ఆధారం తప్పుతుంది. పగుళ్ల వెంట అది అంచులు పదునుగా ఉన్న దిమ్మెలుగా విరిగి కిందికి దొర్లుతుంది. మీరు ఎక్కబోయే వదులు రాళ్లు అలా వచ్చినవే. పొడిగా ఉన్నప్పుడు ఆ కోసు అంచులు ఒకదానితో ఒకటి పెనవేసుకుని 35 డిగ్రీల వాలు మీద కూడా కదలకుండా ఉంటాయి. వాన పడితే రాళ్ల మధ్యనున్న మట్టిలోని సందులు నీటితో నిండుతాయి. ఆ నీరు మట్టి రేణువులను విడదీసి పట్టు సడలిస్తుంది. పైగా నీటి బరువు కూడా తోడవుతుంది. అప్పుడు వాలు కదలడానికి మనిషి అడుగు చాలు.

అందుకే నన్ను అడిగితే ఆదివారం తుంపర ఉందా లేదా అన్నది చిన్న ప్రశ్న. శుక్ర, శనివారాల్లో ఎంత కురిసింది అన్నది పెద్ద ప్రశ్న. 2021 నవంబరు వానలు గుర్తున్నాయి కదా? తిరుమల శ్రీవారి మెట్టు దారి దెబ్బతిని మూతపడింది, తిరిగి తెరిచింది 2022 మేలో. రెండో ఘాట్ రోడ్డు మీద బండలు విరిగిపడింది ఆ నవంబరు గడిచాక, డిసెంబరు 1న. అక్కడిదీ కడప బేసిన్ క్వార్ట్‌జైటే. నీరు లోపలికి ఇంకడానికి సమయం తీసుకుంటుంది. ఆకాశం తెరిపి ఇచ్చింది కదా అని కొండ ఆరిపోదు.

ఇంకొక మాట. క్వార్ట్‌జైట్ మీద సన్నటి నల్లని పొర కనిపిస్తే అది పాకుడు. తడిస్తే ఏ బూటూ దాని మీద నిలవదు. లేత రంగులో గరుకుగా ఉన్న ముఖం చూసి అడుగు వేయండి. రాయి నడినెత్తిన కాకుండా రెండు రాళ్లు కలిసే మూలలో పాదం పెడితే జారినా ఎక్కడికీ పోదు.

అరకు వైపు వెళ్లేవారికి ఇది పనికిరాదు. అక్కడిది ఖొండలైటు అనే వేరే రాయి, ఎర్రటి బంకగా కుళ్లిపోతుంది. దాని కథే వేరు.

మోకాలి మాట
నవంబరు 6, సాయంత్రం 4:50

ఫిజియోథెరపిస్టును. అమ్మగారి గురించి ఎవరూ పట్టించుకోలేదు, అందరూ రాళ్ల గురించే మాట్లాడుతున్నారు.

కిరణ్ గారో కుమార్ గారో, మీ పేరు తెలియదు, మీ అమ్మగారు ఇంట్లో మెట్లు దిగేటప్పుడు చెయ్యి పట్టుకుంటారా? కిందికి దిగుతుంటే మోకాలి చిప్ప దగ్గర నొప్పి అంటారా? ఎక్కడం కాదు, దిగడం అడుగుతున్నాను. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, ఆగితే తగ్గుతుంది. దిగేటప్పుడు తొడ ముందు భాగంలోని కండరం సాగుతూనే ఒళ్లు బరువును ఆపాలి. అది అలసిపోయాక కాళ్లు వణకడం మొదలవుతుంది. వణికే కాలితో వదులు రాయి మీద అడుగు వేయడమే అసలు ప్రమాదం, వాన తర్వాత సంగతి.

ఇప్పుడు అలవాటు చేద్దామని రేపటి నుంచి మెట్లు ఎక్కించి దించకండి, దయచేసి. అలవాటు లేని దిగుడు తర్వాత కండరాల నొప్పి రెండో రోజు, మూడో రోజు ఎక్కువ అవుతుంది. శుక్రవారం సాధన చేస్తే ఆదివారం సరిగ్గా కాళ్లు పట్టేసి ఉంటాయి. మామూలు నడక చాలు.

కర్ర తప్పక ఉండాలి, రెండు ఉంటే ఇంకా మంచిది. దిగేటప్పుడు ముందు కర్రను కింది మెట్టున ఆనించి, ఆ తర్వాతే కాలు దించాలి. మోకాలి పట్టీ మోకాలిని గట్టిపరచదు, ధైర్యం ఇస్తుంది, అంతే.

గొడుగు సుబ్బారాయుడు
నవంబరు 6, సాయంత్రం 6:05

వానకోటు కన్నా గొడుగు మేలు. లోపల చెమట పట్టదు.

పుణె వెంకట్
నవంబరు 6, సాయంత్రం 6:11

రాళ్లు పట్టుకుని ఎక్కే చోట గొడుగు ఏ చేత్తో పట్టుకుంటారండీ?

గొడుగు సుబ్బారాయుడు
నవంబరు 6, సాయంత్రం 6:14

జ్వాల దాకా అన్నాను. అక్కడి నుంచి ఎవరు ఎక్కమన్నారు?

పుణె వెంకట్
నవంబరు 6, సాయంత్రం 6:20

దారి ఇరుకుగా ఉన్న చోట ఎదురొచ్చేవారి కళ్లల్లో గొడుగు పుల్లలు గుచ్చుకుంటాయి. పాదాల దాకా వేలాడే ప్లాస్టిక్ తొడుగులూ వద్దు, అడుగు ఎక్కడ వేస్తున్నామో కనిపించదు. నడుము దాకా వచ్చే చొక్కాలాంటి వానకోటు చాలు. ఒళ్లు ఎలాగూ తడుస్తుంది. సంచిలోని పొడి బట్టలు తడవకుండా చూసుకోండి, చాలు.

నిర్వాహకురాలు
నవంబరు 6, సాయంత్రం 6:42

గొడుగుల మీద ఇంకా వచ్చిన తొమ్మిది జవాబులను వేరే చర్చలోకి మార్చాను. ఇక్కడ దారి గురించి మాత్రమే రాయండి.

వాన లెక్క
నవంబరు 7, ఉదయం 8:26

వాతావరణ శాఖ వారి హెచ్చరికలు చాలామంది తప్పుగా చదువుతారు. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే "భారీ", 115.6 నుంచి "అతి భారీ", 204.4 దాటితే "అత్యంత భారీ". ఇవి రోజు మొత్తానికి చెప్పే లెక్కలు. కొండదారికి కావలసింది గంట లెక్క. 65 మిల్లీమీటర్లు రోజంతా నింపాదిగా కురిస్తే భవనాశిని కొంచెం పెరుగుతుంది. అదే రెండు గంటల్లో కురిస్తే వాగు రూపమే మారిపోతుంది. హెచ్చరికలో ఈ రెండింటికీ పేరు ఒకటే. అందుకని శనివారం రాత్రి జిల్లా సూచన చూడండి, ఆదివారం పొద్దున రాడార్ బొమ్మ, రెండు మూడు గంటలకు మాత్రమే చెప్పే తక్షణ సూచన చూడండి. ఎగువ దాటితే ఫోను పనిచేస్తుందని నమ్మకండి, చూడవలసింది కిందనే చూసుకోవాలి.

పిడుగుల సంగతి ఎవరూ ఎత్తలేదు. మెరుపుకూ ఉరుముకూ మధ్య అంకెలు లెక్కపెట్టండి. మూడు సెకన్లకు సుమారు ఒక కిలోమీటరు. 30 లోపు వినిపిస్తే శిఖరం మీద, ఒంటరి చెట్టు కింద, ఇనుప కమ్మీల పక్కన ఉండకూడదు, దిగడం మొదలుపెట్టాలి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా మళ్లీ ఎక్కకూడదు. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారుచేసిన 'దామిని' యాప్ ఉంది, దింపి ఉంచుకోండి.

నవంబరు రెండో వారంలో మీ వైపు సూర్యాస్తమయం 5:40 ప్రాంతంలో. లోయలో, చెట్ల కింద, మబ్బు పట్టిన రోజున అయిదింటికే రాళ్లు కనిపించవు.

ఎర్రమల కుర్రాడు
నవంబరు 7, రాత్రి 9:30

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ నమస్కారం. మోకాలి మాట గారూ, అమ్మ మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటుంది. నేను ఇంతవరకూ గమనించనే లేదు, పిన్నిని అడిగితే చెప్పింది. కాబట్టి అమ్మ, పిన్ని జ్వాల దాకానే. అమ్మ ఒప్పుకుంది, "స్తంభాన్ని నువ్వు నా బదులు ముట్టుకుని రా" అని షరతు పెట్టి. ఇప్పుడు ఆ మొక్కు నా మెడకు చుట్టుకుంది.

భవనాశిని అన్నా, వాగు పెరుగుతోందని మేము పైన ఉండి ఎలా తెలుసుకోవాలి?

భవనాశిని ఒడ్డు
నవంబరు 7, రాత్రి 10:11

పైన ఉండి తెలుసుకోలేవు తమ్ముడూ. అదే కదా మొదటి నుంచి చెబుతున్నది. ధార మోత పెరిగితే అనుమానించాలి, అంతవరకే.

ఒక పని చెయ్యి. పొద్దున దాటేటప్పుడు ప్రతి చోటా నీళ్ల నుంచి జానెడు పైకి తేలి ఉన్న ఒక రాయిని చూసి పెట్టుకో. ఫోనులో ఫోటో తీసుకో, నీ తమ్ముణ్ని పక్కన నిలబెట్టి తీస్తే కొలత కూడా తెలుస్తుంది. తిరిగి వచ్చేసరికి ఆ రాయి మునిగి ఉంటే దాటవద్దు. కూర్చో. మా వాగు కొండ వాగు, ఎంత తొందరగా పొంగుతుందో అంత తొందరగా తీస్తుంది. పైన వాన ఆగితే గంటా రెండు గంటల్లో దారి ఇస్తుంది. ఆ రెండు గంటలు చేతిలో లేనివాడే దుడుకుగా దిగుతాడు. అందుకని నీ లెక్కలో రెండు గంటలు వాగుకు వదిలెయ్యి.

ఇంకొకటి, రాయి మునగకపోయినా నీళ్ల రంగు చూడు. తేటగా ఉన్న నీళ్లు టీ రంగుకు తిరిగి, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తుంటే పైన పొంగు బయలుదేరిందని అర్థం.

అటవీ శాఖ వాళ్లు పొద్దున వద్దంటే వాదించకు. దొంగదారిన పోతే నిన్ను వెతకడానికి వచ్చేది మా ఊరి పిల్లలే.

భవనాశిని ఒడ్డు
నవంబరు 9, రాత్రి 8:40

శనివారం కబురు: నిన్న రాత్రి ఒక మోస్తరు వాన. ఈ రోజు మబ్బు, మధ్యాహ్నం అరగంట జల్లు. వాగు మామూలుకన్నా కొంచెం ఎక్కువ, నీళ్లు తేటగా ఉన్నాయి. జ్వాల దాకా జనం వెళ్లి వచ్చారు. పైకి కొద్దిమందే ఎక్కారు.

ఎర్రమల కుర్రాడు
నవంబరు 11, రాత్రి 10:25

క్షేమంగా వచ్చేశాం. ఎవరైనా రేపు ఇదే ప్రశ్న అడిగితే పనికివస్తుందని వివరంగా రాస్తున్నాను.

ఆదివారం ఆరున్నరకల్లా ఎగువ గుడి దగ్గర ఉన్నాం. గుడి ముందు చేతికర్రలు తీసుకున్నాం, అమ్మకు రెండు. తుంపర పడీపడనట్టు ఉంది. వాగు దాటిన ప్రతి చోటా అన్న చెప్పినట్టు గుర్తు రాయి ఫోటో తీశాం. చిన్నతమ్ముడికి ఆ పని నచ్చి రాళ్లకు పేర్లు కూడా పెట్టాడు. జ్వాల చేరేసరికి తొమ్మిదిన్నర. ధార బాగా బలంగా ఉంది, కింద నుంచి నడుస్తుంటే మెడ మీద ఇసుక విసిరినట్టు తగిలింది. అమ్మ తడిసి ముద్దయింది, దర్శనం అయ్యాక పొడి బట్టలు మార్చుకుని పిన్నితో లోపల కూర్చుంది. బట్టలు రెండు ప్లాస్టిక్ సంచుల్లో కట్టుకున్నది ఎంత మంచిదైందో చెప్పలేను. చల్లగాలికి అక్కడే పళ్లు కొట్టుకున్నాయి.

మేము ముగ్గురం పదింటికి మొదలుపెట్టాం. ఎక్కడ ఉన్నా పన్నెండుకు వెనక్కి తిరగాలని ముందే ఒప్పుకున్నాం.

రాతి పొరలు గారు చెప్పినవన్నీ కాళ్ల కింద కనిపించాయి. పెద్ద బండలు తడిసినా లేత రంగు ముఖం మీద కాలు నిలిచింది. అసలు ఇబ్బంది వాటి మధ్య చిన్న రాళ్ల పాయల్లో. ఒక చోట రెండు బండల మధ్య సందు, పైకి పోవడానికి అదొక్కటే తోవ. పెద్దతమ్ముడు ముందు ఎక్కాడు, మేమిద్దరం పక్కకు తప్పుకుని నిలబడ్డాం. వాడు మూరెడు పొడవున్న రాయి మీద కాలు పెట్టి నొక్కాడు. కదలలేదు. బరువు వేశాడు. అప్పుడు దాని కింద నుంచి ఎర్రటి బురద నీళ్లు ఉబికి వచ్చాయి, రాయి చప్పుడు లేకుండా ఒక పక్కకు ఒరిగింది, ఆ తర్వాత కిందికి జారింది. దాని వెనక చిన్న రాళ్లు గలగలమంటూ వచ్చాయి. వాడు మోచేతులతో బండను కరుచుకుని ఆగాడు. రాయి మేము పది నిమిషాల ముందు నిలబడి నీళ్లు తాగిన చోట ఇంకో బండకు తగిలి ఆగింది.

సమయం పది నలభై అయిదు. వాన కొంచెం పెరిగింది. ఆ సందు ఎక్కవచ్చు, కాదనను. దిగేటప్పుడు ఎలా అన్నది ముగ్గురిలో ఎవరికీ తోచలేదు. వెనక్కి తిరిగాం. స్తంభం కనిపించనే లేదు.

దిగడానికి, ఎక్కినదానికి రెట్టింపు సమయం పట్టింది. చిన్నతమ్ముడు ఒకసారి కూర్చుని జారాడు, ప్యాంటు చిరిగింది. కింద వాగు దగ్గర మొదటి గుర్తు రాయి మునగలేదు, ఇంకా నాలుగు వేళ్ల ఎత్తున కనిపిస్తోంది. కానీ నీళ్లు టీ రంగుకు తిరిగాయి. చాలామంది యాత్రికులు ఒడ్డున ఆగి ఉన్నారు. మా ఎదుటే కొందరు యువకులు చేతులు పట్టుకుని నవ్వుకుంటూ దాటేశారు, ఏమీ కాలేదు. పెద్దతమ్ముడు "మనమూ వెళ్లిపోదాం" అని గొడవ. అమ్మ కదలనంది. డోలీ మోసే ఆయన కూడా ఆగమన్నాడు. ఇరవై నిమిషాలకు గుర్తు రాయి మునిగింది. మళ్లీ తేలడానికి గంట దాటింది. నీళ్లు తగ్గాక ఒకరి వెనక ఒకరం కర్ర ఆనిస్తూ దాటాం. నాలుగింటికి ఎగువ చేరాం.

అమ్మ ఇంకా మాట్లాడటం లేదు, స్తంభం ముట్టుకోలేదని. అంటే మాట్లాడుతుంది, ఆ విషయం తప్ప.

చెప్పులు విడిచినవాడు
నవంబరు 12, ఉదయం 5:30

అదే ఆదివారం నేనూ పైనే ఉన్నాను. చీకటితోనే బయలుదేరి తొమ్మిదింటికి స్తంభం ముట్టుకుని దిగాను. వాన పెరిగేసరికి ఎగువకు వచ్చేశాను. ఆ సందు నాకు తెలుసు. ఎడమ బండను చేత్తో పట్టుకుని పక్కగా ఎక్కాలి, మధ్యలో కాలు పెట్టకూడదు. మీరు తిరిగి వచ్చేయవలసింది కాదు, పొద్దున్నే బయలుదేరవలసింది.

పుణె వెంకట్
నవంబరు 12, ఉదయం 9:02

ఈసారి స్వామితో ఏకీభవిస్తాను, సగం మాత్రమే. సమయం విషయంలో ఆయన మాట నిజం. కానీ ఇంకా పదిహేను నిమిషాల ఎక్కుడే మిగిలి ఉన్నా, ఎక్కిన చోట దిగలేమని తెలిసినప్పుడు ఆగడమే సరి. మా దగ్గరా ప్రతి ఏడాదీ సగం ఎక్కి ఇరుక్కున్నవారిని తాళ్లతో దింపుతారు. పైకి పోవడం చేతకాక కాదు, వెనక్కి రావడం చేతకాక.

నా మొదటి జవాబులో బూట్ల గురించి రాసినంత, వాగు గురించి రాయలేదు. సహ్యాద్రిలో కూడా చాలా దారులు వాగు దాటించేవే. భవనాశిని గారి గుర్తు రాయి పద్ధతి మా బృందానికి చెప్పాను.

ఎర్రమల పెద్దతమ్ముడు
నవంబరు 12, మధ్యాహ్నం 12:40

ఆ గొడవ చేసినవాణ్ని నేనే. మా అన్న నన్ను విలన్‌ను చేశాడు కాబట్టి ఖాతా తెరిచి మరీ రాస్తున్నాను. ముందు దాటినవాళ్లకు ఏమీ కాలేదు కదా? మేము కూడా అప్పుడే దాటి ఉంటే గంటన్నర మిగిలేది.

భవనాశిని ఒడ్డు
నవంబరు 12, మధ్యాహ్నం 1:15

మిగిలేది నాయనా. ఆ కుర్రాళ్లకు మిగిలింది కదా. వాళ్లు దాటాక ఇరవై నిమిషాలకు రాయి మునిగిందని మీ అన్నే రాశాడు. ఆ పొంగు ఇరవై నిమిషాలకు వస్తుందో రెండు నిమిషాలకు వస్తుందో వాళ్లకు తెలియదు, నీకు తెలియదు, పుట్టినప్పటి నుంచి ఒడ్డున ఉన్న నాకూ తెలియదు. రంగు మారిన తర్వాత మీ అమ్మగారిని నడిమధ్యన నిలబెట్టి పందెం కాయలేము.

వైద్యం శారద
నవంబరు 12, రాత్రి 7:55

చర్చ ముగిసేలోపు ఒక్క విషయం. వానల్లో అడవిలో, పొదల్లో తిరిగి వచ్చినవారు మూడు వారాల పాటు జ్వరం మీద కన్నేసి ఉంచండి. స్క్రబ్ టైఫస్ అని, కంటికి ఆనని పురుగు కుడితే వచ్చే జ్వరం. మన రాష్ట్రంలో వానలప్పుడూ, ఆ తర్వాతి చలికాలంలోనూ కనిపిస్తుంది. కుట్టిన చోట నల్లటి చెక్కు కడుతుంది, నొప్పి ఉండదు కాబట్టి చంకలోనో గజ్జలోనో నడుము దగ్గరో ఉంటే మనిషికే తెలియదు. తీవ్రమైన తలనొప్పి, జ్వరం వస్తే డాక్టరుకు "అడవికి వెళ్లాను" అని ముందుగా చెప్పండి. త్వరగా గుర్తిస్తే డాక్సీసైక్లిన్‌తో తగ్గిపోతుంది. తిరిగి రాగానే వేడినీళ్ల స్నానం, బట్టలు ఉతకడం మరవకండి.

ఎర్రమల కుర్రాడు
నవంబరు 12, రాత్రి 9:10

శారద గారూ, ఇంట్లో అందరికీ చూపించాను. పిన్ని ఇప్పటికే అందరి వీపులూ వెతికేసింది.

సంక్రాంతి దాటాక, ఎండ రోజు చూసుకుని ముగ్గురం మళ్లీ వెళ్దామని అనుకుంటున్నాం. చెప్పులు విడిచిన స్వామి గారూ, మీరు ఆ సమయంలో వచ్చేటట్టయితే ఎడమ బండ ఎక్కడ పట్టుకోవాలో చూపిస్తారా?

చెప్పులు విడిచినవాడు
నవంబరు 13, ఉదయం 5:41

చూపిస్తాను. తెల్లవారుజామున అయిదింటికి ఎగువ గుడి ముందు ఉండాలి. అయిదున్నరకు వస్తే నేను ఉండను. బూట్లు వేసుకోండి, ఏమీ అనను.